శిలాజ ఆకును చూసి "ఇది అంతరించిన దక్షిణ బీచ్ జాతి" అని ఎలా తేలుస్తారు?

తర్వాత చదివేవాళ్ళ కోసం ప్రశ్న ఏమిటో క్లుప్తంగా చెప్తాను. అంటార్కిటికాలో బియర్డ్‌మోర్ హిమానీనదం పైభాగంలో దొరికిన ఆకుల ఆధారంగా 1996లో నోథోఫాగస్ బియర్డ్‌మోరెన్సిస్ అని ఒక కొత్త జాతికి పేరు పెట్టారు (నోథోఫాగస్ అంటే దక్షిణ బీచ్ చెట్ల ప్రజాతి). అది చదివిన ఒక ఎమ్మెస్సీ బోటనీ విద్యార్థి అడిగిందిది: "పువ్వు లేదు, కాయ లేదు, ఆకు ముద్ర ఒక్కటి చూసి ఇది అంతరించిన జాతి అని ఎలా అంటారు? ఇప్పుడు బతికున్న ఏదో చెట్టు ఆకే కాస్త తేడాగా పెరిగి ఉండొచ్చు కదా?"

సూటిగా చెప్తాను. ఒక్క ఆకుతో ఆ మాట అనకూడదు, బాధ్యతగా పనిచేసేవాళ్ళు అనరు కూడా. ఒకే పొరలోంచి చాలా ఆకులు తీస్తారు, వాటిలో అవి ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చూస్తారు. ఆ తేడాల పరిధిని బతికున్న ప్రతి జాతి పరిధి పక్కన పెడతారు. ఈనెల తీరు, అంచున పళ్ళు, మొగ్గలో ఆకు మడత, దొరికితే పైపొర కణాలు, ఇవన్నీ కలిపి చూసినా ఏ జాతిలోనూ ఇమడకపోతేనే కొత్త పేరు పెడతారు. "అంతరించింది" అనే మాట ఆ పోలిక లోంచి వస్తుంది. రాయి వయసు నుంచో, ఇప్పుడు అక్కడ చెట్లు లేవు అన్న సంగతి నుంచో రాదు. చాలామంది తడబడేది ఇక్కడే, మళ్ళీ వస్తాను దీనికి.

నేను ఆస్ట్రేలియాలో ఒక విశ్వవిద్యాలయ ల్యాబ్‌లో ఆకు శిలాజాల మీదే పనిచేస్తాను. బియర్డ్‌మోర్ తవ్వకాల్లో నేను లేను, టాస్మానియా సరుకుతోనే నాకు ఎక్కువ పరిచయం. కాబట్టి నా ఉదాహరణలు అటువైపే మొగ్గుతాయి.

మొదట ప్రజాతి (జీనస్), తర్వాత దానిలోని గుంపు (ఉపప్రజాతి), జాతి (స్పీషీస్) చివర్లోనే. ఈ వరస తప్పితే మిగతాదంతా వృథా.

ప్రజాతి సంగతి. నోథోఫాగస్ చెట్లు ఇప్పుడు చిలీ, అర్జెంటీనా, న్యూజిలాండ్, ఆగ్నేయ ఆస్ట్రేలియా, టాస్మానియా, న్యూగినీ, న్యూ కాలెడోనియాల్లో ఉన్నాయి. మన దేశంలో సహజంగా లేవు. ఆకు చాలావరకు చిన్నది. పళ్ళున్న జాతుల్లో నడిమి ఈనె నుంచి పక్క ఈనెలు దాదాపు సమాన దూరంలో, వంకర లేకుండా, ఒకదానికొకటి సమాంతరంగా అంచు దాకా పోతాయి. పళ్ళు లేని జాతుల్లో, ఉదాహరణకి న్యూజిలాండ్ సొలాండ్రీ జాతిలో, పక్క ఈనెలు అంచు చేరకముందే వంగి ఒకదాన్నొకటి కలుపుకుంటాయి. కాబట్టి "నోథోఫాగస్ అంటే రంపపు అంచు" అని గుర్తుపెట్టుకుంటే సగం జాతులు చేజారిపోతాయి.

అసలు చిక్కేమిటంటే సమాంతర ఈనెలు, రంపపు అంచు ఉన్న ఆకులు ఉత్తరార్ధగోళంలో బోలెడు. బిర్చ్, ఆల్డర్, ఎల్మ్, హార్న్‌బీమ్, అసలు బీచ్ అన్నీ అంతే. 19వ శతాబ్దంలో ఎటింగ్స్‌హౌసెన్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ శిలాజ ఆకులు చూసి వాటికి ఓక్, బీచ్ లాంటి ఉత్తరాది ప్రజాతుల పేర్లు ధారాళంగా పెట్టేశాడు. ఒకప్పుడు భూమి అంతటా ఒకే రకం అడవి ఉండేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకానికి ఆకులు సరిపోయాయి, ఎందుకంటే ఆకారం ఒక్కటే చూస్తే ఏ నమ్మకానికైనా ఏదో ఒక ఆకు సరిపోతుంది! న్యూ సౌత్ వేల్స్‌లోని వెజిటబుల్ క్రీక్ నుంచి ఆయన ఫాగస్ ముల్లెరి అని పేరు పెట్టిన ఆకును 1935లో పాటర్సన్ నోథోఫాగస్‌లోకి మార్చారు. 1988లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రాబర్ట్ హిల్ ఆ సరుకును మళ్ళీ మొదటి నుంచి పరిశీలించాల్సి వచ్చింది. బియర్డ్‌మోరెన్సిస్‌కి పేరు పెట్టిన ముగ్గురిలో ఒకరు ఈయనే, మిగతా ఇద్దరు హార్‌వుడ్, వెబ్.

దక్షిణార్ధగోళంలోనే ఇంకో మోసగత్తె ఉంది, కునోనియేసీ కుటుంబం. వాటిలో చాలావాటికి సంయుక్త పత్రాలు, అంటే ఒకే కాడకి చాలా పత్రకాలు, ఒక్కో చిన్న పత్రకం విడిగా రాలి మట్టిలో పడుతుంది. పళ్ళున్న అంచు, చక్కటి ఈనెలు, చూడగానే నోథోఫాగస్ అనిపిస్తుంది. "బీచ్ ఆకు దొరికింది" అని ఫొటోలు పంపేవాళ్ళకి నేను మొదట చెప్పేది ఆకు అడుగు భాగం చూడమని. అడుగున రెండు వైపులూ ఒకదానికొకటి బాగా తేడాగా ఉంటే, తొడిమ ఉండాల్సినంత లేకపోతే, అది పత్రకం అయ్యే అవకాశం ఎక్కువ. ఇది ఖాయమైన పరీక్ష అని కాదు, అనుమానించడానికి పనికొచ్చే గుర్తు అంతే. కొన్ని నోథోఫాగస్ ఆకుల అడుగు కూడా కాస్త ఒరిగే ఉంటుంది.

ప్రజాతి విషయంలో ధైర్యం ఇచ్చేది ఆకు పక్కన దొరికే మిగతా సరుకు. నోథోఫాగస్ పుప్పొడి గింజ చాలా ప్రత్యేకంగా ఉంటుంది, నడుము చుట్టూ వరసగా చిన్న చిన్న గాట్లతో. గాలికి కొట్టుకుపోయే పుప్పొడి కాబట్టి రాతిలో కుప్పలుగా దొరుకుతుంది, సుమారు 8 కోట్ల ఏళ్ళ నాటి క్రెటేషియస్ పొరల నుంచీ దాని జాడ ఉంది. కాయను పట్టి ఉంచే గిన్నె లాంటి కప్యూల్ దొరికితే ఇంకా మంచిది. టాస్మానియాలో లిటిల్ రాపిడ్ రివర్ అనే చోట ఆకులతో పాటు కప్యూళ్ళు కూడా దొరికాయి, 1987లో వాటి మీద నేచర్ పత్రికలో వ్యాసం వచ్చింది. అంతవరకు పుప్పొడి రూపంలోనే తెలిసిన ఒక ముఖ్యమైన గుంపుకి మొదటిసారి కాయలు దొరికినట్టయింది.

ఆ గుంపు పేరు బ్రాసోస్పోరా. ఇప్పుడు బతికున్నది న్యూగినీ, న్యూ కాలెడోనియాల్లో మాత్రమే. దీనితో కలిపి నోథోఫాగస్‌లో నాలుగు ఉపప్రజాతులు, మిగతా మూడు ఫుస్కోస్పోరా, లోఫోజోనియా, నోథోఫాగస్. 2013లో న్యూజిలాండ్ పరిశోధకులిద్దరు ఈ నాలుగింటినీ నాలుగు వేరు ప్రజాతులుగా చేయాలన్నారు. కొందరు ఒప్పుకున్నారు, శిలాజాల మీద పనిచేసే చాలామంది పాత పద్ధతిలోనే రాస్తున్నారు. మీరు వ్యాసాలు చదివేటప్పుడు ఒకే చెట్టుకి రెండు పేర్లు కనిపిస్తే కంగారు పడకండి. నా మట్టుకు నాకు పాత పద్ధతే సుఖం, ఎందుకంటే ఏ గుంపో తెలియని శిలాజ ఆకుని కూడా నోథోఫాగస్ అనేసి ఊపిరి పీల్చుకోవచ్చు.

పుప్పొడి గుంపు దాకా తీసుకెళ్తుంది, జాతి దాకా తీసుకెళ్ళదు. జాతి కోసం ఆకు దగ్గరికే రావాలి.

మడతలు చూడండి. ఆకురాల్చే నోథోఫాగస్ జాతుల్లో ఆకు మొగ్గలో ఉన్నప్పుడే పక్క ఈనెల వెంబడి కాగితపు విసనకర్ర లాగా మడతపడి ఉంటుంది. విచ్చుకున్నాక కూడా ఆ గాట్లు పూర్తిగా పోవు, శిలాజంలో ఈనెకీ ఈనెకీ మధ్య మిట్ట పల్లాలుగా కనిపిస్తాయి. పక్క నుంచి, బాగా వాలుగా దీపం పెట్టి ఫొటో తీస్తేనే తెలుస్తుంది, నెత్తి మీద నుంచి ఫ్లాష్ కొడితే మొత్తం చదునైపోతుంది. బియర్డ్‌మోరెన్సిస్ ఆకుల్లో ఈ మడతలు ఉన్నాయి. పైగా ఆకులు పరుపులు పరుపులుగా ఒకే పొరలో పడి ఉన్నాయి, అంటే ఒకే రుతువులో రాలాయని. రెండూ కలిసి అది ఆకురాల్చే మొక్క అని చెప్తున్నాయి.

కానీ ఇక్కడొక గోతి ఉంది. మడతలు చూసి గుంపు చెప్పేయకండి. ఆకురాల్చే జాతులు మూడు ఉపప్రజాతుల్లో ఉన్నాయి. టాస్మానియా గున్నీ, చిలీ అలెస్సాండ్రీ ఫుస్కోస్పోరాలో, ఒబ్లిక్వా, ఆల్పినా, గ్లౌకా లోఫోజోనియాలో, అంటార్క్టికా (ఇది ఖండం కాదు, జాతి పేరు), ప్యుమిలియో నోథోఫాగస్ ఉపప్రజాతిలో. మడత ఆ మొక్క బతుకు తీరుని చెప్తుంది, చుట్టరికం చెప్పదు.

చుట్టరికానికి అంచు దగ్గరికి వెళ్ళాలి. ఈనె పంటి కొసకి పోతోందా, రెండు పళ్ళ మధ్య పల్లానికి పోతోందా? పెద్ద పంటి మీద చిన్న పళ్ళు ఉన్నాయా? రెండు పక్క ఈనెల మధ్య ఎన్ని పళ్ళు? దక్షిణ అమెరికాలో పక్కపక్కన పెరిగే రెండు జాతులకి ఇది బాగా పనిచేస్తుంది. ప్యుమిలియోలో, అక్కడివాళ్ళు లెంగా అంటారు, రెండు ఈనెల మధ్య క్రమం తప్పకుండా రెండేసి గుండ్రటి పళ్ళు ఉంటాయి. అంటార్క్టికా జాతిలో, అంటే వాళ్ళ న్యిరెలో, పళ్ళకి ఆ క్రమం ఉండదు, అంచు చిందరవందరగా ఉంటుంది. రెండూ మడతపడే ఆకులే, సైజు కూడా దగ్గరదగ్గరే. ఆకారం మాత్రమే చూసేవాడు రెంటినీ కలిపేస్తాడు, అంచు చూసేవాడు నిమిషంలో విడదీస్తాడు.

ఇక మీ అసలు సందేహం, "కాస్త తేడాగా పెరిగిన ఆకే కావచ్చు కదా?" మంచి ప్రశ్న, మొత్తం పని దీని చుట్టూనే తిరుగుతుంది. ఒకే చెట్టు మీద ఎండ తగిలే కొమ్మ ఆకు, నీడలో ఉన్న ఆకు, మొదలు నుంచి వచ్చిన పిలక ఆకు మూడు రకాలుగా ఉంటాయి. కొండ ఎక్కేకొద్దీ సైజు తగ్గుతుంది. పైగా దగ్గరి నోథోఫాగస్ జాతులు పక్కపక్కన ఉంటే సంకరం అవుతాయి, చిలీలో ఒబ్లిక్వాకి గ్లౌకాకి, ఒబ్లిక్వాకి ఆల్పినాకి మధ్య ఇది మామూలే. అందుకని పొడవు వెడల్పులు జాతిని తేల్చడానికి అన్నిటికన్నా బలహీనమైన ఆధారం. ఆస్ట్రేలియాలో బతికున్న మూరీ ఆకు పది సెంటీమీటర్ల దాకా పెరగొచ్చు, టాస్మానియా కన్నింగ్‌హామీ ఆకు చాలావరకు రెండు సెంటీమీటర్లు దాటదు. ఈ రెండు దగ్గరి బంధువులు. శిలాజాల్లో ఈ రెండింటికీ మధ్య సైజులు కూడా కనిపిస్తాయి. అక్కడ స్కేలు పట్టుకుని గీత గీయబోతే ఎక్కడ గీసినా తగాదాయే. ఇంకోటి, నీళ్ళలో కొట్టుకొచ్చి బురదలో చేరే ఆకులు అడవిలో ఉన్న ఆకులన్నిటికీ సరైన నమూనా కాదు, చిన్నవీ గట్టివీ ఎక్కువ మిగులుతాయి.

మరి ఏవి బలమైన ఆధారాలు? తేడా ఉన్నా ఒక పరిధి దాటనివి. పంటి లోపలికి ఈనె ఎలా పోతుంది, సన్న ఈనెల అల్లిక ఎలా ఉంది, ఆకు పైపొర మీద కణాలు, రంధ్రాలు, నూగు మొదళ్ళు. నీడలో పెరిగిన ఆకు పెద్దదవుతుంది, పలచబడుతుంది, కానీ ఈనె పంటి కొసకి పోయేదల్లా పల్లానికి పోవడం మొదలుపెట్టదు.

పైపొర అంటే క్యూటికల్, మన పాఠ్యపుస్తకాల్లో అవభాసిని. టాస్మానియా సరుకు గొప్పతనం ఇదే. చాలా చోట్ల ఆకు రాయైపోలేదు, నల్లటి పలచటి ఆకుగానే బురదరాతిలో ఉంది. రాతి ముక్కని హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో నానబెడితే మెల్లగా విచ్చుకుని ఆకు బయటికి వస్తుంది, మొండిగా ఉన్నవాటికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడతారు. ఇది మాత్రం తగిన ఏర్పాట్లు, శిక్షణ లేకుండా ఎవరూ ముట్టుకోకూడదు, ఎముక దాకా తినేస్తుంది. తర్వాత క్రోమిక్ ఆమ్లంతో లోపలి కండ పోగొట్టి, మిగిలిన క్యూటికల్‌కి రంగు పట్టించి స్లైడ్ చేస్తాం. పత్రరంధ్రాలు కింది వైపే ఉన్నాయా, వాటి చుట్టూ కణాలు ఎలా అమరాయి, రాలిపోయిన నూగు, గ్రంథుల మచ్చలు ఎలాంటివి అన్నది సూక్ష్మదర్శినిలో కనిపిస్తుంది. ఒక ఆకు ముక్క, అంచు లేదు, కొస లేదు, అయినా క్యూటికల్ బాగుంటే గుంపు చెప్పగలిగిన సందర్భాలు ఉన్నాయి. ఆకు మొత్తం అందంగా ఉండి క్యూటికల్ లేకపోతే నేను ఎప్పుడూ కాస్త అనుమానంగానే చూస్తాను.

దురదృష్టం ఏమిటంటే ఆకురాల్చే జాతుల ఆకులు పలచన, వాటి క్యూటికల్ కూడా పలచన, శిలాజంలో సులభంగా నశిస్తుంది. అంటే మడతల ఆకుల దగ్గరికి వచ్చేసరికి బలమైన ఆయుధం ఒకటి తరచుగా చేతిలో ఉండదు. అప్పుడు ఆకుల సంఖ్య, అంచు వివరాల మీద ఇంకా ఎక్కువ ఆధారపడాలి.

"ఇక్కడ లేదు" వేరు, "ఎక్కడా లేదు" వేరు. అంటార్కిటికాలో ఇప్పుడు చెట్లు లేవు కాబట్టి అక్కడ దొరికిన ఆకు అంతరించిన జాతిదే అనుకోవడం తప్పు వాదన. బ్రాసోస్పోరా సంగతి పైన చెప్పాను కదా, టాస్మానియాలో పూర్తిగా పోయింది, న్యూగినీ కొండల మీద హాయిగా ఉంది. ఒక జాతి ఒక ఖండంలో పోయి ఇంకో చోట బతికి ఉండటానికి సూత్రరీత్యా అడ్డేమీ లేదు. అటు తిప్పి చూస్తే, టాస్మానియా ప్లైస్టోసీన్ (ఇటీవలి మంచుయుగాల కాలం) పొరల్లో దొరికే కొన్ని ఆకులు బతికున్న కన్నింగ్‌హామీ పరిధిలో సరిగ్గా ఇమిడిపోతాయి, వాటిని ఆ పేరుతోనే పిలుస్తాం. పాతది కాబట్టి కొత్త పేరు పెట్టాలన్న నియమం లేదు.

శిలాజ జాతి అన్న మాటకి కూడా ఒక పరిమితి ఉంది. ఆకుకి ఒక పేరు, కప్యూల్‌కి ఒక పేరు, పుప్పొడికి మూడో పేరు ఉండటం మాకు రోజువారీ వ్యవహారం. అవన్నీ ఒకే చెట్టువి కావచ్చు, కొమ్మకి అతుక్కుని దొరికితే తప్ప రుజువు చేయలేం. కాబట్టి బియర్డ్‌మోరెన్సిస్ అంటే కచ్చితంగా "ఇలాంటి ఆకు ఉన్న మొక్క" అని అర్థం. రెండు జాతులు ఒకే రకం ఆకు వేసుకుని ఉంటే మాకు తెలిసే దారి లేదు. ఇది మా శాస్త్రం బలహీనతే, దాచిపెట్టుకునేదేమీ లేదు.

ఇప్పుడు బియర్డ్‌మోర్ కేసు. ఆలివర్ బ్లఫ్స్ అనే చోటు, దాదాపు 85 డిగ్రీల దక్షిణ అక్షాంశం, ధ్రువం నుంచి ఓ 500 కిలోమీటర్లు. హిమానీనదం వదిలిన మట్టి పొరల మధ్య ఆకులు, సన్నటి కొమ్మలు దొరికాయి. కొమ్మల చెక్కలో పెరుగుదల వలయాలు చాలా ఇరుకు, నేలకి అంటుకుని పాకిన పొదలని అర్థమవుతోంది. ఏడాది సగటు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 12 డిగ్రీలు ఉండొచ్చని లెక్కగట్టారు, చిన్నపాటి వేసవిలోనే సున్నా దాటేది. ఆకు, చెక్క, పుప్పొడి మూడూ ఒకే దిక్కు చూపించడం వల్ల నోథోఫాగస్ అన్న విషయంలో తగాదా లేదు. ఆకురాల్చే బతికున్న జాతులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్నే కాబట్టి ప్రతిదానితోనూ పోల్చడం సాధ్యమే, దేనిలోనూ ఇమడలేదు. ఆ నిర్ణయం నాకు గట్టిగానే కనిపిస్తుంది.

తగాదా ఉన్నది వయసు మీద. 1980ల్లో అదే రకం నిక్షేపాల్లో సముద్రపు డయాటంలు (కంటికి కనిపించని శైవలాలు) దొరికాయి, వాటిని బట్టి ప్లియోసీన్ అన్నారు, అంటే ఓ 30 లక్షల ఏళ్ళ కిందటి వరకు కూడా అక్కడ పొదలు ఉన్నట్టు. ఆ డయాటంలు గాలికి ఎగిరొచ్చి పడ్డాయని ఇంకో వర్గం వాదించింది. మెక్‌మర్డో డ్రై వ్యాలీస్‌లోని అగ్నిపర్వత బూడిద పొరలు 1.4 కోట్ల ఏళ్ళ కిందటే అక్కడ గడ్డకట్టిన ఎడారి ఏర్పడిందని చూపిస్తున్నాయి. రాతి ఉపరితలం ఎంతకాలంగా బయట ఉందో కొలిచే పద్ధతులు వచ్చాక మొగ్గు మయోసీన్ (ప్లియోసీన్ కన్నా ముందు కాలం) వైపే. నేనూ అటే. గమనించండి, వయసు కోటి ఏళ్ళు అటూ ఇటూ అయినా జాతి గుర్తింపు చెక్కుచెదరలేదు, ఎందుకంటే గుర్తింపు వయసు మీద నిలబెట్టింది కాదు.

అన్నట్టు, 1912 ఫిబ్రవరిలో బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం ధ్రువం నుంచి తిరిగొస్తూ ఇదే హిమానీనదం దగ్గర దాదాపు 16 కిలోల రాళ్ళు ఏరుకుంది, చనిపోయేదాకా వాటిని వదల్లేదు. వాటిలో ఉన్నది గ్లోసోప్టెరిస్ అనే అంతరించిన మొక్క ఆకులు, మన సింగరేణి బొగ్గు పొరల కాలం నాటివి. నోథోఫాగస్ కన్నా 17 కోట్ల ఏళ్ళకి పైగా పాతవి. మన దగ్గర గోదావరి లోయలో గ్లోసోప్టెరిస్ దొరికింది కాబట్టి నోథోఫాగస్ కూడా దొరకాలి కదా అని ఒకరిద్దరు అడిగారు. నోథోఫాగస్ కనిపించే నాటికే భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయి చాలా కాలమైంది.

చివరిగా, మీరు చదువుతున్నది బోటనీ కాబట్టి ఇది నేర్చుకోవడానికి అంటార్కిటికా అక్కర్లేదు. డిలీనియా చెట్టు ఉన్న తోటకి వెళ్ళండి, దాని పక్క ఈనెలు కూడా సమాంతరంగా పోయి అంచున పళ్ళలోకి చేరతాయి. ఒకే చెట్టు నుంచి ఎండ ఆకులు, నీడ ఆకులు, లేతవి, ముదురువి, కింద రాలినవి తగినన్ని తీసుకోండి. పొడవు, వెడల్పు, ఈనెల జతలు, ఈనెకి ఎన్ని పళ్ళు, ఈనె ఏ చోట ముగిసింది, అన్నీ ఒక పట్టికలో రాయండి. కొన్నిటిని మీ కాలేజీ ల్యాబ్‌లో, పర్యవేక్షణలో, పలచటి సోడియం హైడ్రాక్సైడ్‌లో పచ్చదనం పోయేదాకా ఉంచి, బ్లీచ్ చేసి, సాఫ్రనిన్ రంగు పట్టిస్తే ఈనెల అల్లిక మొత్తం బయటపడుతుంది. తర్వాత ఇంకో చెట్టు, ఇంకో డిలీనియా జాతి. ఏ లక్షణం చెట్టు లోపలే మారిపోతోందో, ఏది జాతి మారితే గానీ మారడం లేదో మీ పట్టికే చెప్తుంది. అది పూర్తయ్యాక ఆన్‌లైన్ హెర్బేరియాల్లో (ఎండబెట్టిన మొక్కల సేకరణల్లో) గున్నీ, ప్యుమిలియో, అంటార్క్టికా షీట్లు తెరిచి బియర్డ్‌మోరెన్సిస్ ఫొటోల పక్కన పెట్టుకుని చూడండి. ఫొటోలు పెడితే నేనూ చూస్తాను, కానీ స్కేలు పెట్టి, వాలు వెలుతురులో తీసినవి పెట్టండి.